రాకెట్ లేచిందని టైమర్‌కి ఎవరు చెప్పాలి? లాంచ్ స్విచ్ ఎంపిక, వైరింగ్

హాబీ రాకెట్‌లో టైమర్ బోర్డు చేసే పని ఒక్కటే. రాకెట్ లేచిన క్షణం నుంచి సెకన్లు లెక్కపెట్టి, మనం పెట్టిన టైమ్ రాగానే సర్వో (చెప్పినంత కోణం తిరిగే చిన్న మోటర్) తిప్పుతుంది, లేదా ఇగ్నైటర్‌కి (వేడెక్కి మందుని అంటించే తీగకి) కరెంటు వదులుతుంది. పారాచూట్ బయటికొస్తుంది, లేదంటే రెండో దశ మోటర్ అంటుకుంటుంది. సెకన్లు లెక్కపెట్టడంలో ఈ రోజుల్లో ఏ చిప్పూ పెద్దగా తప్పదు. తేడా వచ్చేదంతా ఆ లెక్క ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పే స్విచ్ దగ్గరే.

ఆ స్విచ్ రెండు రకాలుగా అబద్ధం చెప్పగలదు. లేవకముందే లేచిందనడం ఒకటి, లేచాక కూడా నోరు మెదపకపోవడం రెండోది. మొదటి దాంట్లో మీరు రాకెట్ పక్కన వంగి పని చేస్తుండగానే మందు పేలుతుంది. రెండో దాంట్లో పారాచూట్ విప్పుకోకుండా ముక్కు కిందికి పెట్టి రాకెట్ దూసుకొస్తుంది. అందుకే ధర, బరువు, దొరికే చోటు చూసేముందు నేను అడిగే ప్రశ్న ఇది: ఈ స్విచ్‌కి వెళ్లే తీగ ఊడిపోతే బోర్డుకి ఏమని అర్థమవుతుంది? లేచిందనా, లేవలేదనా? ఏ రకం స్విచ్ కొనాలో, దాన్ని ఎలా కలపాలో ఈ జవాబుని బట్టే తేలుతుంది.

పెద్ద రాకెట్లకి కూడా ఈ బాధ తప్పలేదు. 1960 నవంబరు 21న కేప్ కెనావెరల్‌లో నాసా మనిషి లేకుండా పంపబోయిన మెర్క్యురీ-రెడ్‌స్టోన్ 1 సుమారు 4 అంగుళాలు లేచి, ఇంజన్ ఆగిపోయి, మళ్లీ స్టాండ్ మీదే కూర్చుంది. కింద నుంచి వచ్చే రెండు కేబుళ్లలో కంట్రోల్ కేబుల్ ముందు, పవర్ కేబుల్ తర్వాత ఊడాలి. కంట్రోల్ కేబుల్ ఉండాల్సిన దానికన్నా పొడుగ్గా ఉండటంతో ఆ వరుస తిరగబడింది. తేడా 29 మిల్లీసెకన్లే. ఆ కాస్త సేపట్లోనే కరెంటు వేరే దారి పట్టి, ఇంజన్ ఆపే రిలే కదిలింది. ఇంజన్ ఆగింది కాబట్టి ఆ దశ పూర్తయిందనుకుని ఎస్కేప్ టవర్ (ప్రమాదంలో క్యాప్సూల్‌ని లాగేసే చిన్న రాకెట్) ఎగిరిపోయింది, క్యాప్సూల్ నుంచి పారాచూట్లు బయటపడి రాకెట్ పక్కనే వేలాడాయి. ఆ తర్వాతి రాకెట్లకి అన్నిటికన్నా చివర ఊడేలా ఒక గ్రౌండ్ పట్టీ కట్టారు. రెండు తీగలు ఊడే చోట ఏది ముందు ఊడుతుందో మనమే తేల్చి పెట్టాలి, వాటి పొడవులకి వదిలేయకూడదు.

తెగే తీగ

అందరూ మొదట అనుకునేది ఇదే. బోర్డు ఇన్‌పుట్‌కీ గ్రౌండ్‌కీ మధ్య ఒక సన్నటి తీగ లూప్‌లా బయటికొస్తుంది, దాన్ని లాంచ్ ప్యాడ్‌కి కడతారు. రాకెట్ లేస్తే తీగ తెగుతుంది, ఇన్‌పుట్ తెరుచుకుంటుంది, టైమర్ మొదలవుతుంది. ఖర్చు దాదాపు సున్నా.

కానీ ఒకసారి లెక్క వేసి చూడండి. మోటర్ వైండింగ్ షాపులో దొరికే 0.2 మి.మీ. రాగి తీగ తెగాలంటే దానికి సుమారు 650 గ్రాముల బరువు వేలాడదీయాలి. లూప్‌లో రెండు పోగులుంటాయి కాబట్టి 1.3 కిలోలు. చిన్న రాకెట్లలో బాగా వాడే సీ6 మోటర్ సగటు తోపు (పైకి నెట్టే బలం) దాదాపు 5 న్యూటన్లు, అంటే అర కిలో. మొదట్లో ఒక్క క్షణం 14 న్యూటన్ల దాకా వెళ్తుంది. అంటే మీరు కట్టిన తీగ ఆ రాకెట్‌ని ప్యాడ్‌కి కట్టేసినట్టే. ఒకవేళ కుదుపుకి తెగినా, రాడ్ (లేచేటప్పుడు రాకెట్‌ని నిటారుగా నడిపే ప్యాడ్ మీది కడ్డీ) మీదే రాకెట్‌ని ఒక పక్కకి గుంజి దారి మారుస్తుంది. 0.1 మి.మీ. తీగ అయితే పోగుకి 165 గ్రాములకి అటూ ఇటూగా తెగుతుంది, అదీ ఆ సైజు రాకెట్‌కి ఎక్కువే. కిలోల బరువుతో, ఎఫ్, జి తరగతుల మోటర్లతో (అక్షరం ముందుకి పోయే కొద్దీ శక్తి ఎక్కువ) లేచే వాటికి మాత్రం ఇది పర్వాలేదు.

తీగని నాజిల్ కింద పెట్టి మంటకి కాలేలా చేసే పద్ధతి కూడా ఉంది. దయచేసి అది వద్దు. ఇగ్నైటర్ వెలిగి మోటర్ సరిగ్గా అంటుకోకపోతే రాకెట్ అక్కడే నిలబడి ఉంటుంది, టైమర్ మాత్రం పరుగెడుతూ ఉంటుంది. కాసేపు చూసి మీరు దగ్గరికి వెళ్లే సమయానికి ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు.

తెగే తీగ చెప్పే అబద్ధం మొదటి రకం. కాలు తగిలినా, టెర్మినల్ వదులైనా బోర్డుకి అది లాంచ్‌లాగే కనిపిస్తుంది. తెగాక మిగిలే తోకలతో ఇంకో చిక్కు ఉంది. ఊగుతూ ఒకదానికొకటి తగిలితే ఇన్‌పుట్ మళ్లీ మూసుకుంటుంది. సిగ్నల్ వెనక్కి పోగానే లెక్క ఆపేసే సాదా బోర్డులు ఇక్కడ దెబ్బతింటాయి. ఒకసారి లాంచ్ అని తేలాక వెనక్కి చూడని బోర్డే తీసుకోవాలి, ప్రోగ్రామ్ మీదే అయితే అలాగే రాయాలి.

లాగే పట్టీ

చిన్న రాకెట్‌కి నా ఓటు దీనికే. కొత్త బొమ్మ కొంటే బ్యాటరీ దగ్గర లాగేసే ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది కదా, అదే పద్ధతి. రెండు స్ప్రింగ్ రేకులు ఒకదాన్నొకటి నొక్కుకుని ఉంటాయి, మధ్యలో పట్టీ పెడితే విడిపోతాయి. పట్టీకి కట్టిన దారం ప్యాడ్‌కి ఉంటుంది. రాకెట్ లేస్తే పట్టీ కిందే మిగిలిపోతుంది, రేకులు కలుస్తాయి. లాగడానికి పట్టే బలం కొన్ని గ్రాములే. రేకులు వద్దనుకుంటే లీవర్ ఉన్న మైక్రోస్విచ్ తీసుకుని, లీవర్‌ని పట్టీతో నొక్కి పెట్టవచ్చు. దానికి కామన్, నార్మల్లీ ఓపెన్, నార్మల్లీ క్లోజ్డ్ అని మూడు కాళ్లుంటాయి కాబట్టి ఏ వైపు కలపాలో మీ ఇష్టం. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో ఏ చిన్న షాపులో అడిగినా ఇస్తారు.

పాత ఇయర్‌ఫోన్ సాకెట్ వాడేవాళ్లు కూడా చాలామంది ఉన్నారు, నాకూ ఆ ఆలోచన నచ్చుతుంది. స్విచ్ కాంటాక్ట్ ఉన్న 3.5 మి.మీ. సాకెట్‌లో ప్లగ్ పెడితే లోపలి కాంటాక్ట్ విడిపోతుంది, లాగితే కలుస్తుంది. లేదా ప్లగ్ లోపలే రెండు కొసలూ కలిపి సోల్డర్ చేస్తే, ప్లగ్ ఉన్నంతసేపు సర్క్యూట్ మూసి ఉంటుంది, లాగితే తెరుచుకుంటుంది. ఒకే సామాను, అబద్ధం ఏ వైపు చెప్పాలో మన చేతిలో. కాకపోతే కొత్త సాకెట్ ప్లగ్‌ని చాలా గట్టిగా పట్టుకుంటుంది. స్ప్రింగ్ త్రాసుతో లాగి చూడండి. మోటర్ సగటు తోపులోంచి రాకెట్ బరువు తీసేసి, మిగిలిన దాంట్లో పదో వంతు కన్నా ఎక్కువ బలం పడుతుంటే ఆ రాకెట్‌కి అది పనికిరాదు. సీ6 మీద లేచే 100 గ్రాముల రాకెట్‌కి ఈ హద్దు 40 గ్రాముల దగ్గర వస్తుంది.

లాగే పద్ధతిలో అసలు గండం దారం. నూలు దారమో నైలానో కడితే, పట్టీ లాగకముందే మంటకి కాలిపోవచ్చు. అప్పుడు రాకెట్ పట్టీతో సహా పైకి పోతుంది, టైమర్‌కి ఏమీ తెలియదు. సన్నటి ఇనుప బైండింగ్ వైరు కట్టండి. దాన్ని నాజిల్‌కి దూరంగా, రాడ్ ఉన్న వైపున, రాడ్‌కి సమాంతరంగా కిందికి దింపండి. పట్టీ కూడా నేరుగా కిందికి జారాలి, పక్కకి మెలిక పడకూడదు. 10 నుంచి 15 సెం.మీ. వదులు ఉంచితే గాలికి రాకెట్ కాస్త ఊగినా పట్టీ కదలదు. వైరు కట్టాక రాకెట్‌ని చేత్తో రాడ్ మీద నెమ్మదిగా పైకి ఎత్తి చూడండి, ఏ ఎత్తులో బీప్ వస్తుందో కళ్లారా తెలుస్తుంది. ఇంత సులువుగా, నిజమైన పరిస్థితిలోనే పరీక్షించగలిగిన స్విచ్ ఇంకోటి లేదు. సాటర్న్ 5 కూడా లేచినట్టు ఇదే మాదిరి తెలుసుకునేది: పరికరాల విభాగానికి కింద నుంచి వచ్చే కనెక్టర్ ఊడగానే దాని మొదటి టైమ్ లెక్క మొదలయ్యేది.

జి స్విచ్

ఒక చిన్న బరువు, ఒక స్ప్రింగ్. రాకెట్ వేగం పుంజుకుంటే బరువు వెనక్కి వంగి కాంటాక్ట్‌ని తాకుతుంది. బయటికి తీగలు లేవు, కట్టడాలు లేవు. తీగ ఊడితే బోర్డు మౌనంగా ఉండిపోతుంది, అంటే రెండో రకం అబద్ధం.

దీన్ని ఎంచుకునే ముందు మీ రాకెట్ ఎన్ని జిలు ఇస్తుందో లెక్కపెట్టాలి. కదలకుండా ఉన్నప్పుడు వస్తువుకి ఉండే మామూలు బరువు 1 జి, దానికి ఎన్ని రెట్లయితే అన్ని జిలు. తోపుని బరువుతో భాగిస్తే చాలు. 100 గ్రాముల రాకెట్ సీ6 మీద సగటున 5 జి, మొదటి క్షణంలో 14 జి దాకా చూపిస్తుంది. అదే మోటర్ మీద 200 గ్రాముల రాకెట్ పెడితే సగటు 2.5 జికి పడిపోతుంది. 3 జి స్విచ్ కొన్నవాళ్లకి అది మొదట్లో ఒక్క చిటికె సేపు మూసుకుని మళ్లీ తెరుచుకుంటుంది. 0.1 సెకను పాటు స్థిరంగా మూసి ఉంటేనే నమ్మే బోర్డు అయితే దాన్ని లాంచ్ అనుకోకపోవచ్చు. సగటు జిలో సగానికి స్విచ్ మూసుకునేలా చూసుకోవడం నా పద్ధతి. నిలబెట్టిన రాకెట్‌లో కూడా స్విచ్ మీద 1 జి ఉంటుంది కాబట్టి 1.5 జి కన్నా కిందికి పోకూడదు.

ఆ 0.1 సెకను ఆగడం ఎందుకంటే, చేతిలోంచి బల్ల మీద పడ్డా పదుల జిలు వస్తాయి, కానీ అవి కొన్ని మిల్లీసెకన్లే ఉంటాయి. మోటర్ తోపు అలా పోదు.

ఇంట్లో పరీక్షించడం కష్టమేమీ కాదు. స్విచ్‌నీ, బ్యాటరీనీ, ఒక ఎల్‌ఈడీనీ చిన్న డబ్బాలో గట్టిగా బిగించి, మీటరు తాడు కట్టి, ఖాళీ స్థలంలో తల చుట్టూ తిప్పండి. సెకనుకి ఒక చుట్టు వేస్తే 4 జి, రెండు సెకన్లకి ఒక చుట్టు వేస్తే 1 జి. స్విచ్‌లో రాకెట్ ముక్కు వైపుకి రావాల్సిన కొస మీ చేతి వైపు ఉండాలి. తలకిందులుగా కడితే స్విచ్ అసలు మూసుకోదు. రాకెట్‌లో తిరగేసి బిగించినా అంతే, అందుకే బిగించేటప్పుడు డబ్బా మీద ఒక బాణం గుర్తు గీసుకోవడం మంచిది.

పాదరసం గాజు స్విచ్ జోలికి పోవద్దు. పగిలితే విషం, పైగా ఎటైనా వంచితే మూసుకుంటుంది. వంపు స్విచ్‌తో రాకెట్ శిఖరానికి చేరి తిరగబడటాన్ని పట్టాలనుకునేవాళ్లు తరచూ కనిపిస్తారు. మోటర్ ఆరిపోయాక రాకెట్ దాదాపు బరువు లేని స్థితిలో పోతుంది, లోపలి పాదరసానికో గుండుకో కింద ఏదో పైన ఏదో తెలియదు. ఆ ఆలోచన భూమ్మీద బల్ల మీద పని చేస్తుంది, గాల్లో చేయదు.

యాక్సిలరోమీటర్ చిప్

ఇది జిలని నేరుగా అంకెల్లో కొలిచే చిప్. ప్రోగ్రామ్ రాయడం వచ్చినవాళ్లకి ఎంపీయూ 6050 లాంటి మాడ్యూల్ మంచి దారి. హద్దు ఎంత, ఎంతసేపు అన్నవి రెండూ అంకెల్లో మార్చుకోవచ్చు. ఒక ఉచ్చు మాత్రం తప్పకుండా చెప్పాలి. ఈ చిప్ ఆన్ చేయగానే దాని పరిధి ప్లస్ మైనస్ 2 జి. మీరు ప్రోగ్రామ్‌లో 3 జి దాటితే లాంచ్ అని రాస్తే, అది 2 దగ్గరే ఆగిపోయి ఎప్పటికీ 3 చెప్పదు. బల్ల మీద అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. ముందు పరిధిని 16 జికి మార్చాలి, అప్పుడు ఒక్కో జికి వచ్చే అంకె 16384 నుంచి 2048కి మారుతుందని లెక్కలో కూడా దిద్దుకోవాలి.

గాలి ఒత్తిడి కొలిచే బీఎంపీ 280తో కూడా లాంచ్ పట్టవచ్చు. భూమికి దగ్గర్లో మీటరు ఎత్తుకి సుమారు 12 పాస్కల్స్ తగ్గుతుంది. అయితే అది ఉన్నప్పుడు శిఖరాన్ని కూడా అదే పట్టగలదు, టైమర్‌తో పనేముంది? అది వేరే బోర్డు, వేరే కథ. అయస్కాంతం, రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరికొస్తే మూసుకునేది) జతకి గాజు గొట్టం పగిలే భయం ఉంది. ఎండలో కాంతి సెన్సర్‌ని నేను నమ్మను.

రెండు కలిపితే

పారాచూట్ ఒక్కటే అయితే ఒక స్విచ్ సరిపోతుంది. రెండో దశ మోటర్ అంటించే టైమర్‌కి మాత్రం ఒక్క స్విచ్ మీద ఆధారపడటం నాకు సమ్మతం కాదు. పొరపాటున ప్యాడ్ మీద లెక్క మొదలైతే నిలబడి ఉన్న రాకెట్ మధ్యలో మోటర్ మండుతుంది. పట్టీ లాగాలి, జి స్విచ్ కూడా ఒప్పుకోవాలి, అప్పుడే లెక్క మొదలవ్వాలి.

ఇక్కడ చాలామంది తడబడతారు. లాంచ్‌లో మూసుకునే స్విచ్‌లు రెండింటిని సిరీస్‌లో కలిపితే రెండూ ఒప్పుకుంటేనే సిగ్నల్ వస్తుంది. లాంచ్‌లో తెరుచుకునే స్విచ్‌లకి ఇది తలకిందులు: సిరీస్‌లో పెడితే ఏ ఒక్కటి తెరుచుకున్నా లాంచ్ అయిపోతుంది, ప్యారలల్‌లో పెడితేనే రెండూ తెరుచుకోవాలి. రెండు తెగే తీగలు సిరీస్‌లో పెట్టి డబుల్ సేఫ్టీ అనుకుంటే ప్రమాదాన్నే రెట్టింపు చేసుకున్నట్టు. ఒకటి మూసుకునేది, ఒకటి తెరుచుకునేది ఉంటే వైర్లతో కలపడం మానేసి, రెండు వేర్వేరు పిన్నులకి ఇచ్చి ప్రోగ్రామ్‌లో చూసుకోండి.

జి స్విచ్‌ని పట్టీతో జత చేసేటప్పుడు ఇంకో మాట. పట్టీకి 15 సెం.మీ. వదులు ఉంటే, 4 జి నికర త్వరణంతో అది లాగబడటానికి 0.1 సెకను కన్నా కాస్త తక్కువ పడుతుంది. మోటర్ సెకనున్నర మండుతుంది కాబట్టి రెండు సిగ్నళ్లూ హాయిగా కలుస్తాయి. వాటర్ రాకెట్‌లో అలా కాదు.

మన దగ్గర ఎక్కువమంది మొదలుపెట్టేది వాటర్ రాకెట్‌తోనే, అదే సరైన దారి. ఇక్కడ మోడల్ రాకెట్ మోటర్లు మామూలు షాపుల్లో దొరకవు, లైసెన్సు లేకుండా మందు కూరి చేసుకోవడం నేరం, ప్రాణాల మీదికి తెచ్చుకోవడం కూడా. సీసాలోని నీళ్లన్నీ చిటికెలో బయటికి పోతాయి, తోపు సెకనులో ఒకటి రెండు పదో వంతుల్లో ముగుస్తుంది. 0.1 సెకను ఆగి చూసే జి స్విచ్ ఇక్కడ లాంచ్‌ని జారవిడిచే అవకాశం ఎక్కువ. వాటర్ రాకెట్‌కి లాగే పట్టీ, ఒక చిన్న సర్వో, అంతే. బోర్డుకి మాత్రం నీళ్లు తగలని డబ్బా కావాలి.

వైరింగ్

ఇన్‌పుట్‌కి పుల్-అప్ రెసిస్టర్ (స్విచ్ తెరిచి ఉన్నప్పుడు ఇన్‌పుట్‌ని ప్లస్ వోల్టేజి దగ్గర పట్టి ఉంచేది) బయట పెట్టండి. హాబీవాళ్లు బాగా వాడే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డు ఆర్డుయినో నానోలోని చిప్‌కి లోపల ఉండేది 20 నుంచి 50 కిలో ఓమ్‌లు. బయటికి అర మీటరు తీగ వెళ్తున్నప్పుడు అది బలహీనం. 1 కిలో ఓమ్ పెడితే 5 వోల్టుల మీద 5 మిల్లీయాంప్‌లు పారుతుంది, కాంటాక్టుల మీది సన్నటి తుప్పు పొరని దాటడానికి ఆ మాత్రం కరెంటు మంచిదే. ఇన్‌పుట్‌కీ గ్రౌండ్‌కీ మధ్య, చిప్ పక్కనే ఒక 104 (0.1 మైక్రోఫారడ్) సిరామిక్ కెపాసిటర్ వేయండి. మోటర్ అంటించే లాంచ్ కంట్రోలర్ 12 వోల్టుల తీగలకీ బోర్డు గ్రౌండ్‌కీ ఎక్కడా సంబంధం ఉండకూడదు.

బ్రెడ్‌బోర్డు, జంపర్ వైర్లు రాకెట్‌లోకి తేవద్దు. స్క్రూ టెర్మినల్‌లో పెట్టే తీగ కొసకి సోల్డర్ పూయకండి. సోల్డర్ మెత్తటి లోహం, కొన్నాళ్లకి స్క్రూ కింద అణిగి వదులవుతుంది. పోగులు మెలిపెట్టి నేరుగా బిగించి, ఒకసారి లాగి చూసి, తీగని పక్కన గ్లూ గన్‌తో అతికించండి. ఒకే పోగు గట్టి తీగ అదురుకి విరుగుతుంది, పోగుల తీగే వాడాలి.

స్విచ్‌తో సంబంధం లేనట్టు కనిపించినా స్విచ్‌నే బలి చేసేది బ్యాటరీ హోల్డర్. స్ప్రింగ్ ఉన్న హోల్డర్‌లో బ్యాటరీ రాకెట్ పొడవునా, స్ప్రింగ్ కిందికి ఉంటే, 10 జి దగ్గర బ్యాటరీ స్ప్రింగ్‌ని నొక్కి పై కాంటాక్ట్‌ని వదిలేస్తుంది. కొన్ని మిల్లీసెకన్లు కరెంటు పోతే చిప్ రీసెట్ అవుతుంది. మళ్లీ మేల్కొని లాంచ్ కోసం బుద్ధిగా ఎదురుచూస్తుంది. లాంచ్ అయిపోయింది! పట్టీ రకం అయితే మేల్కోగానే పట్టీ లేదని చూసి మళ్లీ లెక్క మొదలుపెట్టేలా రాయవచ్చు, జి స్విచ్‌కి ఆ వీలు కూడా లేదు. ప్లగ్ కనెక్టర్ ఉన్న లిథియం పాలిమర్ బ్యాటరీ పెట్టి, కనెక్టర్ మీద టేప్ చుట్టండి.

ఏది ఎవరికి

స్కూలు, కాలేజీ వాటర్ రాకెట్‌కి లాగే పట్టీ. అమెరికాలో చదువుకుంటూ అక్కడి క్లబ్బుల్లో సీ, డీ మోటర్లతో ఎగరేసే మన పిల్లలకీ అదే, మోటర్‌లోని డిలే చార్జిని (మోటర్ ఆరాక కాసేపటికి తనంతట తానే పారాచూట్‌ని బయటికి తోసే ఏర్పాటుని) తీసేయకుండా వెనక రక్షణగా ఉంచుకుంటే ఇంకా నిశ్చింత. కిలో దాటిన రాకెట్, ప్రోగ్రామింగ్ అలవాటు ఉంటే యాక్సిలరోమీటర్. బోర్డులో జి స్విచ్ ముందే ఉంటే దాన్నే వాడండి, తోపు లెక్క మాత్రం వేసుకోండి. రెండు దశల రాకెట్‌కి పట్టీ, యాక్సిలరోమీటర్ రెండూ. తెగే తీగని బరువైన రాకెట్‌కి, పాత బోర్డుకి వేరే ఇన్‌పుట్ లేనప్పుడు మాత్రమే.

ఏది పెట్టినా మొదటి పరీక్షలన్నీ ఇగ్నైటర్ స్థానంలో ఎల్‌ఈడీ పెట్టే చేయాలి. మైదానంలో రాకెట్‌ని రాడ్ మీద నిలబెట్టి, పట్టీ వైరు కట్టి, అప్పుడు మాత్రమే బోర్డు ఆన్ చేయండి. ముఖం రాకెట్ మీదికి వంచకుండా పక్కన నిలబడి బీప్ వినండి. స్విచ్ సిద్ధంగా ఉందని బోర్డు చెప్పాకే మోటర్ ఇగ్నైటర్ క్లిప్పులు తగిలించండి. చెప్పకపోతే ముందు బోర్డు ఆఫ్ చేసి, తర్వాతే పట్టీ ముట్టుకోండి.